రేడియోలో అరగంట మాట్లాడి వచ్చాను: నా అనుభవం

రేడియోలో మాట్లాడటమంటే ఏముంది, వెళ్లి మైకు ముందు కూర్చుని తెలిసింది చెప్పి వచ్చేయడమేగా అని ఈమధ్య చాలామంది అడిగారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా. నేను ఫిజిక్స్ పాఠాలు చెప్పుకునే మనిషిని. సాయంత్రం పూట వచ్చే ఒక కబుర్ల కార్యక్రమానికి పిలిచారు. ఒకరోజు పుస్తకాలు, ఒకరోజు పాటలు, ఒకరోజు నిద్ర పట్టకపోవడం గురించి, మధ్యమధ్యలో సైన్సు, అలా అన్నీ కలిపి నడిపే కార్యక్రమం అది. అరగంట లైవ్, చివర్లో శ్రోతల ఫోన్లు. నాతోపాటు లాలిపాటలు సేకరించే ఒకావిడ కూడా ఉంటారన్నారు. రేడియో తరంగాలకూ లాలిపాటలకూ ఏం సంబంధం అంటే ప్రొడ్యూసర్ నవ్వి, "రెండూ చీకటి పడ్డాకే కదండీ బాగా పనిచేసేవి" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అసలు టాపిక్ తేలడానికే బోలెడు సమయం పట్టింది. నేను పంపిన జాబితాలో కృష్ణబిలాలు, క్వాంటం వగైరా పైన ఉన్నాయి. ప్రొడ్యూసర్ గారు ప్రతిదానికీ ఒకటే అడిగేవారు: "ఇది వినేవాళ్లకి ఎప్పుడైనా ఎదురైందా?" అలా కొట్టేసుకుంటూ పోతే చివరికి మిగిలింది, జాబితా అడుగున నేను ఊరికే రాసిన ప్రశ్న. పగలు గరగర తప్ప ఏమీ వినిపించని దూరపు మీడియం వేవ్ స్టేషన్, రాత్రయ్యేసరికి పక్కింట్లోంచి వస్తున్నట్టు ఎలా పలుకుతుంది? రేడియో పాతదైనా కొత్తదైనా ముల్లు తిప్పిన ప్రతివాళ్లకీ తెలిసిన విషయమే ఇది, కానీ ఎందుకని అడిగితే ఎక్కువమంది "రాత్రి గోల తక్కువ కదా" అంటారు. అది కారణం కాదు. కాబట్టి మాట్లాడటానికి సరుకు ఉంది.

సంగతేమిటంటే, నేల మీద నుంచి దాదాపు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో, పగటిపూట ఎండలోని అతినీలలోహిత కిరణాలూ ఎక్స్ కిరణాలూ తగిలి గాలి అణువుల్లోంచి ఎలక్ట్రాన్లు ఊడిపడుతుంటాయి. దీన్ని డి పొర అంటారు. మీడియం వేవ్ తరంగం అక్కడికి వెళ్లగానే ఆ ఎలక్ట్రాన్లను ఊపుతుంది, అవి చుట్టూ ఉన్న అణువులను గుద్దుకుంటాయి, తరంగం శక్తంతా అక్కడే వేడిగా మారి ఖర్చయిపోతుంది. సూర్యుడు దిగిపోయాక ఆ ఎలక్ట్రాన్లు త్వరగానే మళ్లీ అణువుల్లో కలిసిపోతాయి, డి పొర దాదాపు లేకుండా పోతుంది. ఇంకా పైన గాలి మరీ పలచన కాబట్టి అక్కడి ఎలక్ట్రాన్లు అంత తేలిగ్గా కలవవు, రాత్రంతా మిగిలే ఉంటాయి. ఇప్పుడు తరంగం అడ్డు లేకుండా అక్కడిదాకా వెళ్లి, వంగి, వందల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతుంది. రేడియోలో దీన్ని ఒక్క పోలికతో సరిపెట్టాను: పైన అద్దం ఎప్పుడూ ఉంది, పగలు దాని ముందు దళసరి తెర వేలాడుతుంది, పొద్దుగూకగానే ఎవరో ఆ తెర తీసేస్తారు.

చరిత్ర కూడా చెప్పాలనుకున్నాను, ఎందుకంటే ఇందులో కథ చాలా బాగుంటుంది. 1901 డిసెంబర్ 12న మార్కోనీ ఇంగ్లండ్‌లోని పోల్డూ నుంచి పంపిన మోర్స్ కోడ్‌లోని మూడు చుక్కల సంకేతాన్ని అట్లాంటిక్ అవతల న్యూఫౌండ్లాండ్‌లో విన్నానన్నారు. సుమారు 3,400 కిలోమీటర్ల దూరం. రేడియో తరంగం తిన్నగా పోతుంది, భూమేమో గుండ్రంగా ఉంది, మరి అంత దూరం ఎలా వంగింది అని అప్పటివాళ్లు తలలు పట్టుకున్నారు. (ఆయన విన్నది మిట్టమధ్యాహ్నం వేళ, అందుకే నిజంగా విన్నారా లేక ఆశతో గరగరలోనే ఏరుకున్నారా అని అనుమానించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకైతే ఆ అనుమానం సబబే అనిపిస్తుంది.) తర్వాత కొద్ది నెలలకే, 1902లో ఫిలడెల్ఫియా అనే ఓడలో వెళుతూ వింటుంటే తేడా స్పష్టంగా బయటపడింది: పగలు సుమారు 1,100 కిలోమీటర్లు దాటితే సంకేతం మాయం, రాత్రి మాత్రం 3,000 కిలోమీటర్లు దాటినా అందుతోంది. అదే ఏడాది కెనెలీ, హెవిసైడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒకరికొకరు సంబంధం లేకుండా, పైన విద్యుత్తును మోసే పొర ఏదో ఉండి ఉంటుందన్నారు. ఉందని కొలిచి చూపించింది 1924లో ఆపిల్టన్ అనే భౌతిక శాస్త్రవేత్త, ఆయన సహచరుడు బార్నెట్. వాళ్లు దానికి ప్రత్యేకంగా యంత్రమేమీ కట్టుకోలేదు, బోర్న్‌మత్‌లో ఉన్న బీబీసీ ట్రాన్స్‌మిటర్‌ను రాత్రి కార్యక్రమాలన్నీ అయిపోయాక వాడుకున్నారు. పౌనఃపున్యాన్ని, అంటే ఫ్రీక్వెన్సీని, మెల్లగా మారుస్తూ పోతే, నేల వెంట వచ్చిన తరంగమూ పైనుంచి తిరిగొచ్చిన తరంగమూ కలిసి ఆక్స్‌ఫర్డ్‌లో అందుకున్న సంకేతం బలం పెరుగుతూ తగ్గుతూ వచ్చింది. ఆ హెచ్చుతగ్గులు లెక్కబెట్టి ఎత్తు కట్టారు, దాదాపు 100 కిలోమీటర్లు. 1947లో ఆపిల్టన్‌కు నోబెల్ వచ్చింది.

ఇదంతా రాసి పంపితే సగం ఎగిరిపోయి తిరిగొచ్చింది. అసలు పని అక్కడ మొదలైంది. చదివేవాడు అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకుంటాడు, వినేవాడికి ఆ సౌకర్యం లేదు, మాట అలా దాటిపోయిందంటే పోయినట్టే. పైగా సాయంత్రం రేడియో వినే మనిషి ఊరికే కూర్చుని వినడు, ఏదో కోస్తూ ఉంటాడు, బట్టలు మడతపెడుతూ ఉంటాడు, బండి నడుపుతూ ఉంటాడు. అందుకని "పైన చెప్పినట్టు", "మొదటిది, రెండవది" లాంటివన్నీ తీసేశారు. అంకెలు ఒక్కొక్క పేరాలో ఒకటి మించి ఉండకూడదు, అదీ గుండుసున్నాలతో. రేడియో తరంగం వేగం సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు అనే బదులు, ఒక్క సెకనులో భూమిని ఏడున్నర సార్లు చుట్టి వచ్చేంత వేగం అంటే చేతిలో పని ఆపకుండానే అర్థమవుతుంది. కెనెలీ, హెవిసైడ్ పేర్లు పోయాయి, మార్కోనీ, ఆపిల్టన్ మిగిలారు. బార్నెట్‌ను ఉంచమని చాలాసేపు బతిమాలాను, ఒప్పుకోలేదు.

ఇంకో నియమం నాకు బాగా నచ్చింది. కార్యక్రమం మధ్యలో ఎప్పుడైనా ఎవరో ఒకరు కొత్తగా రేడియో పెడతారు, కాబట్టి ప్రతి ఏడెనిమిది నిమిషాలకోసారి ఎవరు మాట్లాడుతున్నారో, దేని గురించో తెలిసిపోవాలి. దాన్ని ప్రకటనలా కాకుండా ప్రశ్నలో కలిపేయడం యాంకర్ పని. "మరి ఫిజిక్స్ మేష్టారుగా మీరు చెప్పండి, రాత్రి వినిపించే ఈ దూరపు స్టేషన్..." అని ఆవిడ అడిగినప్పుడల్లా నాకు కొత్తగా పరిచయం చేసుకుంటున్నట్టుండేది, వినేవాళ్లకు అసలు తెలియను కూడా తెలియదు.

స్టూడియోలో ముందు చేతి గడియారం తీయించారు. మెటల్ పట్టీ బల్లకు తగిలితే మైకులో గంట కొట్టినట్టు వినిపిస్తుందట. లాలిపాటల ఆవిడ గాజులు తీసి పక్కన పెట్టుకున్నారు. నా కాగితాలకున్న పిన్ను ఊడబీకి, ఒకవైపే రాసినవి విడివిడిగా పరిచారు, తిప్పే పని లేకుండా పక్కకి జరిపితే చాలు, చప్పుడు రాదు. మైకుకు జానెడు దూరంలో, సరిగ్గా ఎదురుగా కాకుండా కాస్త ఓరగా కూర్చోమన్నారు. నోటి ముందు అరచేయి పెట్టుకుని "ఫలితం", "భూమి", "పొర" అని చూడండి, అరచేతికి గాలి కొడుతుంది. ఆ గాలి తిన్నగా మైకుకు తగిలితే వినేవాడి చెవిలో దబ్‌మని పడుతుంది. నా టాపిక్ నిండా పొరలూ భూమీనే! తర్వాత లెవెల్ చూసుకోవడానికి ఏదో ఒకటి మాట్లాడమంటారు, ఇక్కడ చాలామంది "హలో హలో మైక్ టెస్టింగ్" అని గట్టిగా అనేసి, తీరా అసలు టైంకి గొంతు తగ్గిస్తారట. పొద్దున్నుంచీ ఏం చేశారో మామూలుగా చెప్పండి అని అడగడం అందుకే.

రిహార్సల్ రికార్డింగ్ వినిపించినప్పుడు ఎవరికైనా మొదట వచ్చే మాట "ఇది నా గొంతేనా?". మనం మాట్లాడేటప్పుడు మన గొంతు గాలి ద్వారా మాత్రమే కాదు, పుర్రె ఎముకల ద్వారా కూడా లోపలి చెవికి చేరుతుంది, ఎముకలు మంద్రాన్ని బాగా మోస్తాయి. రికార్డింగులో ఆ వాటా ఉండదు, అందుకే పీలగా అనిపిస్తుంది. కారణం తెలిసినా ఆ పీలతనం భరించడం కష్టమే. హెడ్‌ఫోన్స్ ఒక చెవికే పెట్టుకోవచ్చని సౌండ్ ఇంజనీర్ చెప్పాక కాస్త టెన్షన్ తగ్గింది.

లైవ్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎర్ర లైటు వెలిగింది, మాట్లాడాం. అరగంట చివర వార్తలున్నాయి, అవి మనకోసం ఒక్క సెకను కూడా ఆగవు కాబట్టి యాంకర్ కళ్లు గడియారం మీదే ఉంటాయి, మాటలు మాత్రం తీరుబడిగా ఉంటాయి, ఆ విద్య నాకు ఇప్పట్లో రాదు. నాకు గుర్తుండిపోయింది లాలిపాటల భాగం. తెలియని భాషలో పాట విన్నా అది పిల్లల్ని నిద్రపుచ్చే పాటేనని చాలామంది పోల్చుకోగలరని 2018లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. ఆవిడ ఆ మాట చెప్పి ఊరుకోకుండా, ముగ్గురికీ తెలియని భాషలోని రెండు ముక్కలు పాడి, ఏది లాలో చెప్పమన్నారు. మేమిద్దరం ఒక్కసారే "రెండోది" అన్నాం. నేను నా భాగంలో తెర, అద్దం అంటూ ఎంత చెప్పినా ఆ రెండు ముక్కల ముందు తేలిపోయిందనే అనుకుంటున్నా.

తర్వాత ఫోన్లు. మొదటి ఆయనకు మాట తడబడుతోంది, యాంకర్ వెంటనే "మీ రేడియో సౌండ్ కొంచెం తగ్గించండి" అన్నారు. ఈ మాట వినని శ్రోత ఉండరు, కానీ మర్యాద కోసం అంటారనుకునేవాణ్ని. మన మాటే సెకనులో అయిదో వంతు ఆలస్యంగా చెవిలో పడితే ఎంత బాగా మాట్లాడే మనిషికైనా నత్తి వచ్చేస్తుంది. సౌండ్ తగ్గించగానే ఆయన గడగడా అడిగేశారు: ఎఫ్ఎం ఎందుకు అలా దూరం నుంచి రాదు? ఎఫ్ఎం తరంగాల పౌనఃపున్యం చాలా ఎక్కువ, ఆ అద్దం వాటిని ఆపలేదు, మామూలుగా దూసుకుని అంతరిక్షంలోకి పోతాయి. ఇంకొకావిడ, రాత్రి దూరపు స్టేషన్ కాసేపు గట్టిగా కాసేపు సన్నగా ఎందుకు వస్తుందన్నారు. ఒకే తరంగం వేర్వేరు దారుల్లో వచ్చి కొన్నిసార్లు కలిసి బలపడుతుంది, కొన్నిసార్లు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటుంది. ఆపిల్టన్ లెక్కబెట్టింది సరిగ్గా ఇలాంటి హెచ్చుతగ్గులనే, అని చెప్పే అవకాశం దొరికినందుకు ఆవిడకు మనసులోనే దండం పెట్టుకున్నా.

చివరి ఫోను ఒక పెద్దాయనది. "అయితే బాబూ, రాత్రిపూట ఎక్కడో దూరాన రైలు కూత పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది, అదీ మీ అద్దం వల్లేనా?" అప్పటికి నిమిషం కంటే తక్కువే ఉంది, గాజు అవతల ప్రొడ్యూసర్ చేతులు దగ్గరికి తెస్తున్నారు. కాదండీ, ఆ అద్దం రేడియో తరంగాలకే, శబ్దానికి పనికిరాదు. రాత్రి నేల చల్లబడుతుంది, నేలకు ఆనుకున్న గాలి చల్లగా, దానిపైన గాలి కాస్త వెచ్చగా ఉంటుంది. వెచ్చటి గాలిలో శబ్దం కొంచెం వేగంగా పోతుంది కాబట్టి పైకి పోవాల్సిన కూత కిందికే వంగి మీ దగ్గరికి వస్తుంది. పైగా చుట్టూ గోల తక్కువ. "అంటే రెండూ వంగడమే, వంచేదే వేరు" అన్నారాయన, నేను అరగంటసేపు చెప్పినదాన్ని నాలుగు ముక్కల్లో. యాంకర్ నమస్కారం చెప్పేలోపే సిగ్నేచర్ ట్యూన్ మొదలైంది.

బయటికి వచ్చాక ప్రొడ్యూసర్ గారు వచ్చే నెలకి ఇంకో టాపిక్ పంపమన్నారు. ఈసారి జాబితా ఏమీ లేదు, రైలు కూత ఒక్కటే రాసి పంపాను. వెంటనే ఒప్పుకున్నారు, కాకపోతే అంకెలు తగ్గించమన్నారు.