బృందగానానికి పాట ఎంచేటప్పుడు

త్యాగరాజ ఆరాధన దగ్గరపడగానే కొత్త బృందానికి కూడా పంచరత్నాలు (త్యాగరాజు ఐదు పెద్ద కృతులు) మొదలుపెట్టేస్తారు. అది తొందరపాటు. ముందు దివ్యనామ కీర్తనలు (త్యాగరాజువే, భజనగా పాడే సులువైన పాటలు) పట్టండి. వాటిలో చాలావరకు చరణాలన్నీ ఒకే వరసలో నడుస్తాయి. ఒకటి కుదిరితే మిగతావి సాహిత్యం చూసి పాడేస్తారు.

అసలు తలనొప్పి శ్రుతి, అంటే అందరూ ‘స’గా పట్టుకునే ఆధార స్వరం. హార్మోనియం తెల్లమెట్ల లెక్కన మామూలుగా ఆడవాళ్లకు ఐదు, మగవాళ్లకు ఒకటి హాయి. మధ్యేమార్గంగా మూడు పెడితే ఆడవాళ్లకు మంద్రం (కింది స్థాయి) అందదు, మగవాళ్లు తారస్థాయిలో (పై స్థాయిలో) అరుస్తారు. కలిసి పాడాలంటే మధ్య షడ్జం (మధ్యస్థాయి ‘స’) నుంచి తార రిషభం (పై స్థాయి ‘రి’) లోపల తిరిగే పాటే మేలు.

పంచరత్నాల్లో చెదిరేది ఎక్కువగా వరాళి రాగంలోని కృతి. (ఆ రాగం నేరుగా నేర్పితే గురుశిష్యులకు పడదన్న నమ్మకం సరేసరి!) ఆ రాగంలో ప్రతిమధ్యమం (హెచ్చు ‘మ’) పంచమానికి (‘ప’కు) బాగా దగ్గరగా పలకాలి. ఇరవై గొంతుల్లో నలుగురు దించినా వినబడిపోతుంది. తంబూరా పెట్టి ‘ప మ ప’ ఒక్కటే నిదానంగా పదిసార్లు పాడించండి.

పంచరత్నాల చరణాల్లో ముందు స్వరాలు, తర్వాత అదే వరసలో సాహిత్యం పాడతారు. అక్కడ కాలం (పాట వేగం) పరుగెత్తేది ఊపిరి కోసం చివరి అక్షరాన్ని కత్తిరించడం వల్ల. బృందాన్ని రెండుగా చేసి, ఒకరు స్వరం, మరొకరు సాహిత్యం అందుకునేలా పాడిస్తే ఊపిరికి వ్యవధి దొరుకుతుంది. తాళం మాత్రం ఒక్కరే గట్టిగా వెయ్యాలి.