రెండు గోతాల బుల్లెట్

బండి నా దగ్గరికి రెండు గోతాల్లో వచ్చింది. ఒక గోతంలో ఇంజన్ ముక్కలు, ఇంకోదాంట్లో తక్కిన సామాను. చక్రాలు లేని ఛాసిస్ విడిగా. క్యాస్ట్ ఐరన్ ఇంజన్ ఉన్న పాత బుల్లెట్ 350. ఎవరో ఎప్పుడో విప్పి, మళ్లీ బిగించే ఓపిక లేక వదిలేశారు.

దాన్ని కంపెనీ నుంచి వచ్చినట్టే నిలబెట్టాలని నాకు లేదు. ఒంటి సీటు, పొట్టి వెనక మడ్‌గార్డ్, తిన్నటి హ్యాండిల్, పొగను అడ్డులేకుండా వదిలే ఫ్రీ ఫ్లో సైలెన్సర్, గాలిని ఎక్కువగా లోపలికి రానిచ్చే కోన్ ఫిల్టర్. నా మనసులో ఉన్న బండి అది. మొత్తం 14 నెలలు పట్టింది. పది నెలలు కట్టడానికి, నాలుగు నెలలు ట్యూనింగ్‌కి. కట్టడం కష్టమనీ, ట్యూనింగ్ ఒక ఆదివారం పని అనీ అనుకుని మొదలుపెట్టాను. అందుకే ఎక్కువగా ఆ నాలుగు నెలల గురించే రాస్తున్నాను.

మొదటి రోజే ఒక నిర్ణయం తీసుకున్నాను: ఛాసిస్ మీద రంపం పెట్టను. సీటుకైనా మడ్‌గార్డుకైనా ఉన్న బోల్టు రంధ్రాలకే క్లాంపులు చేసుకుంటాను. కోసిన గొట్టాన్ని మళ్లీ అతికించొచ్చు కానీ మునుపటి బలం వచ్చిందని నమ్మకంగా చెప్పాలంటే వెల్డింగ్ బాగా తెలిసుండాలి. నాకు అంత తెలియదు.

ఈ ఇంజన్‌లో నాకు నచ్చేది దాని సూటిదనం. బుల్లెట్ అనే పేరు 1932 నుంచీ ఉంది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడ్డాక, ఇంగ్లండులోని రెడిచ్ ఊళ్లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు గీసిన ఇంజనే పెద్ద మార్పు లేకుండా దశాబ్దాలపాటు తయారైంది. బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 70 మిల్లీమీటర్లు. స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 90. బోరు కంటే స్ట్రోక్ పొడుగు కాబట్టే ఆ నిదానమైన గుండెచప్పుడు. పాత మాన్యువల్‌లో అంకెలు నా బండికీ సరిపోయాయి. ఇంటి దగ్గర పనిచేసుకునేవాడికి అది పెద్ద వరం.

విప్పేటప్పుడు ఒక్కచోట బండిని దాదాపు పాడుచేశాను. టైమింగ్ కవర్ లోపల, క్రాంక్ కొసన, ఆయిల్ పంపును తిప్పే వర్మ్ నట్ ఉంటుంది. దానిది రివర్స్ థ్రెడ్, మామూలు నట్టుకి ఎదురు దిక్కులో విప్పాలి. నేను మామూలు నట్టు అనుకుని పొడుగు పానా వేసి బలంగా లాగాను. కదల్లేదు. ఇంకో అర చుట్టు బలం పెట్టబోయి, ఎందుకో చెయ్యి ఆగింది. మాన్యువల్ తెరిచి చూస్తే అప్పటిదాకా నేను చేస్తున్నది విప్పడం కాదు, బిగించడం. దాని పళ్లు ఒలిచిపోయి ఉంటే ఆయిల్ పంపు తిరగదు, ఇంజన్ పట్టేస్తుంది. ఆ రోజు నుంచి కదలని నట్టు దగ్గర బలం పెంచే ముందు పుస్తకం తీయడం అలవాటైంది.

బోరు పని ఇంట్లో అయ్యేది కాదు, మెషిన్ షాపుకే ఇచ్చాను. పిస్టన్ రింగుల చివరల మధ్య గ్యాప్ మాత్రం నేనే చూసుకున్నాను. రింగును ఒట్టిగా బోరులోకి దించి, పిస్టన్ తలతో నెట్టి వంకర లేకుండా సమంగా కూర్చోబెట్టి, చివరల మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చాలి. అంగుళం బోరుకు 4 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) లెక్కన ఈ ఇంజన్‌కి 11 థౌ, అంటే దాదాపు 0.28 మిల్లీమీటర్లు. కొత్త రింగు కదా అని చూడకుండా వేస్తే, వేడికి చివరలు ఒకదానికొకటి ఆని బోరును గీసేస్తాయి. నా రెండో రింగు బిగువుగా వచ్చింది. సన్నటి ఆకురాయితో ఒక వైపు నుంచే, లోపలికి మాత్రమే రాస్తూ, నాలుగైదుసార్లు కొలిచి సరిచేశాను.

ట్యాంకు లోపల తుప్పు పొరలు పొరలుగా ఊడుతోంది. గుప్పెడు నట్లు వేసి, వెనిగర్ నింపి, రెండు రోజులు ఉంచుతూ మధ్యమధ్య ఊపాను. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి, పెట్రోల్ కలిపిన ఆయిల్‌తో లోపలంతా తడిపాను. ఆ ఆరబెట్టడంలో గంట ఆలస్యమైతే మళ్లీ ఎర్రటి పొర వచ్చేస్తుంది. పెయింటు, వైరింగ్, చక్రాల సంగతి ఇక్కడ వదిలేస్తాను. ఓపిక ఉన్నవాళ్లందరికీ అవి వస్తాయి.

ఒక్క పని గురించి మాత్రం ఇప్పటికీ సంతోషపడతాను. సిలిండర్ మీద మూతలా కూర్చునే హెడ్డు వేయకముందే, పిస్టన్ తల మీద డయల్ గేజ్ నిలబెట్టి టాప్ డెడ్ సెంటర్, అంటే పిస్టన్ అన్నిటికంటే పైకి చేరే చోటు, ఎక్కడో కచ్చితంగా పట్టుకుని, ఆల్టర్నేటర్ రోటర్ మీద సన్నటి గీత గీశాను. పిస్టన్ పైకి వస్తూ, అక్కడికి ఇంకా 0.8 మిల్లీమీటర్లు కిందున్నప్పుడు ఇంకో గీత. 350కి స్పార్క్ పడాల్సిన చోటు అదే, వేగాన్ని బట్టి స్పార్క్‌ను ముందుకు జరిపే అడ్వాన్స్ యూనిట్ పూర్తిగా వెనక్కి ఉన్నప్పుడు. హెడ్డు వేశాక ఈ కొలత తీయాలంటే వాలుగా ఉండే ప్లగ్గు రంధ్రంలోంచి సైకిల్ స్పోక్ దూర్చి తంటాలు పడాలి. పది నిమిషాల్లో గీసిన ఆ రెండు గీతలు తర్వాత నన్ను కాపాడాయి.

మూడో కిక్కుకి ఇంజన్ అందుకుంది. ఆ సంతోషం అయిదు నిమిషాలు. స్లో స్పీడు, అంటే యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజన్ ఆడే వేగం, తగ్గడం లేదు. స్క్రూ పూర్తిగా విప్పినా ఇంజన్ రేజ్ అవుతూనే ఉంది. యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో టపటపమని పేలుళ్లు. గట్టిగా తిప్పితే పికప్ ఒక క్షణం చచ్చిపోయి తర్వాత లేస్తోంది. ప్లగ్గు విప్పితే ముక్కు తెల్లగా సున్నం పూసినట్టుంది.

తెల్ల ప్లగ్గు అంటే పెట్రోల్ చాలడం లేదని అర్థం. ఫిల్టర్ మార్చాను, సైలెన్సర్ మార్చాను, గాలి ఎక్కువ ఆడుతోంది, కాబట్టి పెట్రోల్‌ను కొలిచి వదిలే జెట్టు ఇంకా పెద్దది వేయాలి. ఈ లెక్క తప్పేమీ కాదు. తప్పల్లా నేరుగా అక్కడికే పోవడం. కార్బురేటర్‌లో ఉన్న మెయిన్ జెట్టు సైజు 90. దాన్ని 95 చేశాను, 100 చేశాను, 105 చేశాను. ఫుల్ థ్రాటిల్‌లో బండి దగ్గుతూ నల్లటి పొగ వదలడం మొదలైంది, స్లో స్పీడు మాత్రం అలాగే ఉంది. ఆరు వారాలు ఇదే పని. జెట్టు మార్చిన రోజే, కార్బురేటర్‌లో సూది ఎత్తును నిలిపే క్లిప్పు కూడా మార్చేవాణ్ణి, ఆ రోజే ఎయిర్ స్క్రూ కూడా తిప్పేవాణ్ణి. ఏది ఏం చేసిందో నాకే తెలియకుండా పోయింది.

చివరికి, ఈ ఇంజన్ల మీద జీవితమంతా పనిచేసిన ఒక పెద్దాయనకి ఫోన్ చేశాను. అంతా విని ఆయన ఒక్కటే అడిగారు: "యాక్సిలరేటర్ ఎంత తిప్పినప్పుడు వస్తోంది బాబూ ఆ రోగం?"

"అసలు తిప్పకపోయినా వస్తోందండీ."

"మరి మెయిన్ జెట్టుతో నీకేం పని? అది మాట్లాడేది ఆఖరి పావులో కదా. కార్బురేటర్ మూసెయ్యి. ముందు ట్యాపెట్లు చూసుకో, తర్వాత పాయింట్లు, ఆ తర్వాత గాలి ఎక్కడైనా లీకవుతోందేమో చూడు. ఈ మూడూ బాగున్నాయని తేలాకే పెట్రోల్ జోలికి వెళ్లు."

ఆ రాత్రే ఒక నోటుబుక్కు మొదలుపెట్టాను. జెట్టులన్నీ మొదట ఉన్నట్టే పెట్టేశాను. ఒకసారికి ఒకే మార్పు, తేదీతో సహా.

ట్యాపెట్లు, అంటే వాల్వుల్ని తెరిచే కడ్డీల దగ్గరి సందు, చల్లటి ఇంజన్ మీద చూడాలి. పుష్ రాడ్ వేళ్లతో తిప్పితే సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. నావి సరిగ్గానే ఉన్నాయి. పాయింట్ల దగ్గరే, అంటే విడిన క్షణంలో స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్చు దగ్గరే, మొదటి దొంగ దొరికాడు. గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. నేను 0.38 పెట్టి బిగించిన గుర్తు. ఇప్పుడు 0.20 గేజ్ కూడా బిగువుగా వెళ్తోంది. కామ్ మీద గ్రీజు చుక్క పెట్టడం మరిచిపోయాను. ఒట్టి ఇనుము మీద రాసుకుని పాయింట్ల ఫైబర్ మడమ అరిగిపోయింది. మడమ అరిగితే గ్యాప్ మూసుకుంటుంది. గ్యాప్ మూసుకుంటే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, స్పార్క్ వెనకబడుతుంది. పెట్రోల్, గాలి మిశ్రమం కాలడం పూర్తికాకముందే ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకుంటుంది. ఇంజన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్లే కొత్త బెండు పైపు హెడ్డు దగ్గర నీలంగా ఎందుకు మారిందో అప్పుడు అర్థమైంది. నేనేమో అది క్రోమ్ నాణ్యత అనుకున్నాను.

కొత్త పాయింట్లు వేసి, గ్రీజు పెట్టి, చిన్న బల్బు ఒక వైరు పాయింట్లకీ ఇంకోటి ఎర్త్‌కీ తగిలించాను. ఇగ్నిషన్ వేసి ఇంజన్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పితే, పాయింట్లు విడిన క్షణంలో బల్బు వెలుగుతుంది. రోటర్ మీద రెండో గీత సరిగ్గా గుర్తు దగ్గరికి వచ్చినప్పుడే అది వెలిగేలా ప్లేటు జరిపి బిగించాను. వెంట్రుక వాసి కదిలినా బల్బు ముందో వెనకో వెలుగుతుంది. స్పార్క్ కళ్లారా కనిపిస్తున్నట్టే ఉంటుంది.

పికప్ తిరిగొచ్చింది. పేలుళ్లు సగం తగ్గాయి. స్లో స్పీడు మాత్రం ఇంకా ఎక్కువే. ఈసారి కార్బురేటర్ హెడ్డుకు అతుక్కునే చోట, ఇంజన్ ఆడుతుండగా, మొక్కలకు నీళ్లు కొట్టే స్ప్రేయర్‌తో సన్నగా నీళ్లు చల్లాను. చల్లిన క్షణంలో ఇంజన్ శబ్దం మారింది. గాలి అక్కడే లోపలికి దూరుతోంది.

కార్బురేటర్ విప్పి, అద్దం ముక్క మీద సన్నటి ఎమెరీ కాగితం పరిచి, హెడ్డుకు అతుక్కునే ఫ్లాంజ్ ముఖాన్ని రెండుసార్లు రాసి తిప్పి చూశాను. రెండు బోల్టు రంధ్రాల చుట్టూ వెండిలా మెరుస్తోంది. మధ్యలో, గాలి వెళ్లే గుండ్రటి దారి చుట్టూ, పాత మసక రంగు అలాగే ఉంది. ఎన్నో ఏళ్లుగా ఎవరెవరో బోల్టుల్ని అతిగా బిగించి, మెత్తటి లోహాన్ని విల్లులా వంచేశారు. చెవులు రెండూ ఆనుతున్నాయి, మధ్య ఆనడం లేదు. ఎనిమిది అంకె ఆకారంలో, చెయ్యి బరువు తప్ప ఇంకే బరువూ వేయకుండా, దాదాపు గంటన్నర రాశాను. మెరుపు రెండు చివరల నుంచీ మధ్యకి పాకుతూ వచ్చి కలుసుకోవడం చూస్తూ కూర్చున్నాను. 14 నెలల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన గంటన్నర అదే. కొత్త ‘ఓ’ రింగు (గాలి లీకవకుండా ఆపే రబ్బరు వలయం) వేసి, పానా కొసను రెండు వేళ్లతో పట్టుకుని, రెండు బోల్టుల్నీ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాను.

స్లో స్పీడు మొదటిసారి కిందికి దిగింది. స్క్రూ తిప్పినంతా వింటోంది. హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పితే మాత్రం కొంచెం లేస్తోంది. తిన్నటి హ్యాండిల్ వేశాక పాత పొడుగు కేబుల్ ట్యాంకు కింద నలుగుతోంది. దారి మార్చి కట్టాను. హ్యాండిల్ మార్చినవాళ్లు ఇంజన్ ఆడుతుండగా అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూసుకోండి. మలుపులో ఇంజన్ దానంతటదే రేజ్ అయితే చాలా ప్రమాదం.

అప్పుడు, అప్పుడు మాత్రమే, జెట్టుల దగ్గరికి వెళ్లాను. యాక్సిలరేటర్ మీద తెల్ల టేపు చుట్టి, పావు, సగం, ముప్పావు గీతలు పెట్టుకున్నాను. మొదటి పావు వరకు పైలట్ జెట్టు, ఎయిర్ స్క్రూ, స్లైడ్ కోత. పావు నుంచి ముప్పావు దాకా సూది. ఆ పైన మెయిన్ జెట్టు. వీటి సరిహద్దులు కత్తితో కోసినట్టుండవు, ఒకదానిలోకి ఒకటి జారతాయి.

ఈ రకం కార్బురేటర్‌లో ఎయిర్ స్క్రూ విప్పితే గాలి పెరుగుతుంది, బిగిస్తే మిశ్రమం చిక్కనవుతుంది. ఒకటిన్నర చుట్టు దగ్గర మొదలుపెట్టి, ఇంజన్ ఎక్కడ హాయిగా ఆడుతుందో వెతకాలి. నాకు అర చుట్టు దగ్గర దొరికింది. ఒక చుట్టు లోపే దొరికితే పైలట్ జెట్టు చిన్నదని గుర్తు. 25 తీసి 27.5 వేస్తే, స్క్రూ ఒకటిం పావు దగ్గర కుదురుకుంది. సూది క్లిప్పు ఒక గాడి కిందికి దించాను, అంటే సూది ఒక మెట్టు పైకి లేచింది. సగం థ్రాటిల్‌లో ఉన్న ఊగిసలాట పోయింది.

మెయిన్ జెట్టుకి కొత్త ప్లగ్గు వేసి, ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో ఫుల్ థ్రాటిల్ పట్టి, అదే క్షణంలో క్లచ్ నొక్కి ఇంజన్ ఆపేసి, బండిని దొర్లనిచ్చి, పక్కకు ఆపి ప్లగ్గు విప్పాలి. సీసం లేని పెట్రోలుతో ప్లగ్గు ముక్కు రంగు అంత నమ్మకంగా చెప్పదు. తెల్లటి పింగాణీ లోపల, అడుగున చూడాలి. నాకు 90తో అక్కడ ఏమీ లేదు, ఒట్టి తెలుపు. 100తో చిక్కటి నల్ల మసి. 95తో అడుగున సన్నటి గోధుమ రంగు ఉంగరం కనిపించింది. టార్చి వేసి, భూతద్దంతో రోడ్డు పక్కన కూర్చుని చాలాసేపు చూశాను.

నోటుబుక్కులో ఆ రోజు పేజీలో ఇలా ఉంది: మెయిన్ 95, పైలట్ 27.5, స్క్రూ ఒకటిం పావు, పాయింట్లు 0.38. స్లో స్పీడులో అమ్మీటర్ ముల్లు ఒక్కో దెబ్బకీ ఊగుతోంది, దెబ్బలు లెక్కపెట్టొచ్చు. కింద పెన్సిల్‌తో: వెనక చైన్ వదులైంది, రేపు పొద్దున చూడాలి.