టిక్ టిక్ సైకిల్, సగం తంగేడు

శనివారం. రేపు పెత్రమాస.

అలారం ఐదింటికి పెడితే నాలుగున్నరకే మెలకువ వచ్చింది, సైకిల్ ఉన్న రోజు ఎప్పుడూ ఇంతే, ఆఫీస్ ఉన్న రోజు మాత్రం మూడు అలారాలు మోగినా లేవ. ముందు చక్రం ఊడదీసి సైకిల్‌ని కారు వెనక సీట్లో పడుకోబెట్టి లింగంపల్లి నుంచి బయల్దేరిన. శంకర్‌పల్లి మీంచి పోతే దగ్గర, కానీ నాకు చేవెళ్ల మర్రిచెట్లు చూడనిది వికారాబాద్ పోయినట్టే ఉండదు. రెండు పక్కల నుంచి కొమ్మలొచ్చి రోడ్డు మీద కలుసుకుంటయి గదా, తెల్లారేముందు లైట్లు పడితే ఆ ఊడలన్నీ ఒక్కసారి కదిలినట్టు కనబడ్తయి. రోడ్డు వెడల్పు చేసుడు గొడవ ఏండ్ల సంది నడుస్తనే ఉంది, కాబట్టి పోయినప్పుడల్లా ఎన్నున్నయో చూసుకుంట పోవుడు అలవాటైంది. ఈ రోడ్డు మీద సైకిల్ తొక్కుతవా అంటే మాత్రం తొక్క. లారీలు, బస్సులు, ఓవర్‌టేకులు... అంత ధైర్యం నాకు లేదు. అందుకే కారు.

ఆరున్నరకి వికారాబాద్‌లో చిన్నమ్మ వాళ్లింటి ముందు బండి పెట్టి చక్రం బిగిస్తుంటే చిన్నమ్మ చీపురు పట్టుకుని బయటికొచ్చింది.

"కారుల సైకిల్ పెట్టుకొచ్చి మల్ల సైకిల్ తొక్కుతవారా? గిదేం సోకు బిడ్డా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు, పోయిన ఏడాది కూడా లేకుండె. చాయ్ తాగి లేస్తుంటే, "అడివిల కెళ్లేగా పోతున్నవ్, వచ్చేటప్పుడు తంగేడు పూలు పట్టుకరా, రేపు బతుకమ్మకు కావాలె, ఈడ బజార్ల చిన్న కట్టకే ఇష్టమొచ్చినంత చెప్తున్నరు" అంది. క్యారియర్ లేదు చిన్నమ్మా ఈ సైకిల్‌కి అంటే, "క్యారియర్ లేంది గంత పైసలు పోసి ఎందుకు కొన్నవ్?" అంది. అట్లనే చిన్నమ్మా అని బయటపడ్డ.

ఊరు దాటి అనంతగిరి గుట్ట మొదలయ్యేదాంక అంతా బాగనే ఉంది. ఎక్కుడు పెద్దగా ఏం కాదు, హిమాలయాలు ఎక్కినోళ్లకు నవ్వొస్తది, కానీ మూడు నెలల నుంచి కుర్చీలో కూర్చున్న నడుముకి అదే హిమాలయం. గేర్లన్నీ దించేసి, చైన్‌ని ముందు 34 పళ్ల చక్రం, వెనక 32 పళ్ల చక్రం మీద పెట్టి, మెల్లగ మెల్లగ. అప్పుడు వినబడింది ఆ చప్పుడు. టిక్. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే ఒక్క టిక్. సిటీలో ఇన్ని రోజులు వినబడనే లేదు, హారన్ల మధ్యలో ఏం వినబడ్తది, ఇక్కడ చుట్టూ టేకు చెట్లు, బండి ఒక్కటి లేదు, ఇంక ఆ టిక్ తప్ప వేరే ఏదీ చెవికెక్కుతలేదు.

పెడల్ ఆపితే ఆగుతంది, అంటే చక్రంది కాదు. సీటు మీంచి లేచి తొక్కినా వస్తంది, అంటే సీటుది కాదు. కుడికాలు పైకొచ్చినప్పుడే వస్తంది. ఇంకేముంది, లోపల బేరింగ్ పోయింది అని నేనే డాక్టర్నై తేల్చేసి, మార్పిస్తే ఎంత అయితదో లెక్కలు వేసుకుంట గుట్ట ఎక్కిన. ప్రశాంతత కోసం అడివికి వచ్చి బేరింగ్ రేటు గురించి ఆలోచించుడు నాకే చెల్లింది.

అయినా టేకు పూత గురించి రాయకుంటే పాపం. ఈ నెలలో చెట్ల తలల మీద తెల్లగ, నురగ లెక్క పూత ఉంటది, కింద నిలబడి చూస్తే ఏం తెల్వదు, మలుపు తిరిగి ఎత్తు మీంచి కిందికి చూస్తే అడివి అంతా బియ్యప్పిండి చల్లినట్టు ఉంటది. పూలు రాలి తారు మీద పడ్తయి, ఒకటి చేతిలోకి తీసుకుంటే చిటికెన వేలి గోరంత కూడా లేదు. ఇంత పెద్ద ఆకు చెట్టుకి ఇంత చిన్న పువ్వు.

పైన అనంతపద్మనాభస్వామి గుడి దగ్గర ఆగి నీళ్లు తాగిన. కోతులు నా హ్యాండిల్‌కి వేలాడే కవర్ చూసి మీటింగ్ పెట్టినయి, అందుకని అరటిపండ్లు నిలబడే రెండు నిమిషాల్లో మింగేసిన. మూసీ పుట్టేది ఈ గుట్టల్లోనే. ముచికుందుడు గుహలో నిద్రపోతుండె, కృష్ణుడి వెనక తరుముకుంట వచ్చిన కాలయవనుడు నిద్ర చెడగొట్టి ఆయన చూపుకే బూడిదయ్యిండు, తర్వాత ముచికుందుడు కృష్ణుడి కాళ్లు కడిగిన నీళ్లే ముచికుంద నది అయినయి, అదే మూసీ, అని ఇక్కడ చెప్పుకుంటరు. 1908లో హైదరాబాద్‌ని ముంచిందీ, తర్వాత గండిపేట చెరువు కట్టించిందీ ఈ నీళ్లే. చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద ముక్కు మూసుకుని పోయే నేను ఇక్కడ ఆ నదికే దండం పెట్టి పోత. సిగ్గనిపిస్తది కొంచెం.

టీబీ దవాఖాన దాటి దిగుడు. ఒకప్పుడు గాలి మంచిదనే గదా టీబీ దవాఖాన ఇక్కడ పెట్టింది. ఆ గాలి మొహానికి కొడ్తుంటే పెడల్ తొక్కే పని లేదు, టిక్ లేదు, అడివి చప్పుళ్లు అప్పుడు మొదలైనయి. నెమలి ఒకటి ఎడమ దిక్కు అరిచింది, ఇంకోటి చానా దూరం నుంచి జవాబిచ్చింది. కింద చదునుకి వచ్చి పెడల్ మీద కాలేసిన, మల్ల టిక్.

తాండూరు రోడ్డు వదిలేసి కోటిపల్లి చెరువు దిక్కు తిరిగినంక బండ్లు ఇంకా తగ్గినయి. గంటలో రెండు ట్రాక్టర్లు, పాల క్యాన్ల బైక్ ఒకటి, అంతే. కొంత దూరం అడివి, కొంత దూరం చేన్లు. కంది నడుమెత్తు పెరిగి ఉంది, తాండూరు కంది అని 2022లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన పప్పు ఇదే నేలది. పత్తి, మక్క. కరెంటు తీగ మీద పాలపిట్ట కూర్చుంది, నేను దగ్గరికి రాంగనే ఎగిరింది, ఆ నీలం రెక్కలు తెరుచుకున్నప్పుడు నోట్లోంచి అబ్బ అని వచ్చింది. దసరా నాడు చూడాలె దాన్ని, ముందే చూస్తే లెక్కలోకి వస్తదో రాదో.

ఇంతకుముందు మా సైకిల్ దోస్తులందరికీ ఇష్టమైన చోటు ఇది కాదు, పూడూరు దిక్కున్న దామగుండం. అక్కడ 2024 అక్టోబర్‌ల నేవీ వీఎల్ఎఫ్ (చానా తక్కువ ఫ్రీక్వెన్సీ) రేడియో స్టేషన్‌కి శంకుస్థాపన అయింది, 2,900 ఎకరాల అడివి. సముద్రం కింద జలాంతర్గాములతో మాట్లాడనీకి అది కావాలంటరు, దేశం పని, కాదనను. కానీ ఆ మట్టి బాటల మీద తొక్కినోళ్లకి ఆ పేరు వినంగనే మాట ఆగిపోతది. నేను కూడా ఇంక ఇక్కడికే ఆపుత.

కోటిపల్లి ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనంగ వెనక టైరు మెత్తబడ్డది. తుమ్మ ముల్లు. చెట్టుకింద సైకిల్ తలకిందులు చేసి టైర్ విప్పి లోపల వేలితో తడుముతుంటే ముల్లు వేలికే దిగింది, కనబడనంత చిన్నది, గోటితో లాగితే విరిగింది, తాళం చెవి మొనతో నెట్టి నెట్టి తీసేసరికి పావుగంట. కొత్త ట్యూబ్ వేసి చిన్న పంపుతో గాలి కొడ్తుంటే కుడి బూటు లేసు నా కాలికిందే పడి తట్టుకుని పడబోయిన. తిట్టుకుని, లేసుని గట్టిగ ముడేసి లోపలికి దోపి బయల్దేరిన.

ఒక కిలోమీటరు పోయినంక గానీ తట్టలేదు. టిక్ లేదు.

దిగి చూసిన. లేసు చివర ప్లాస్టిక్ ముక్క ఉంటది గదా, దానికి నల్లగ గ్రీజు అంటుకుని ఉంది, పెడల్ కాడ మీద వెంట్రుకంత గీర. పొద్దున్నుంచి ఒక్కో చుట్టుకి ఒక్కో దెబ్బ కొట్టిందన్నట్టు. బేరింగ్ పైసలు మిగిలినయి, సంతోషంగ కోటిపల్లి చెరువు దగ్గర రెండు మక్కకంకులు తిన్న. కయాక్‌లు ఇంకా ఒడ్డు మీదనే ఉన్నయి, నీళ్లు కదుల్తలేవు. తొమ్మిదిన్నర నుంచి కుర్రోళ్ల బైకులు స్పీకర్లు పెట్టుకుని దిగుడు మొదలైంది, ఇంక అక్కడ ఉండి లాభం లేదు.

తిరుగుబాటలో రోడ్డు పక్కన ఆగి ఆగి పసుపుపచ్చ పూలు తెంపిన. క్యారియర్ లేదు గదా, పంచరైన ట్యూబ్‌తోనే కట్ట కట్టి హ్యాండిల్‌కి చుట్టిన, గట్టిగ నిలబడ్డది. గుట్ట ఎక్కేటప్పుడు మోకాళ్లు ఒక్కో పెడల్‌కి ఆ పూలకి తగుల్తుంటే పుప్పొడి అంతా బట్టల మీదకే. కార్లలో పోయేటోళ్లు అద్దాలు దించి మరీ చూసిండ్రు.

పదకొండున్నరకి చిన్నమ్మ ముందు కట్ట పెట్టిన. ట్యూబ్ ముడి విప్పి, అరుగు మీద పరిచి, ఒక్కో రెమ్మ తీసి రెండు కుప్పలు చేసుడు షురూ చేసింది. ఎందుకట్ల చేస్తున్నవ్ అన్న.

"ఇగో, గివి తంగేడు. గివి కసింద. సిటీల పెరిగినోడికి చెప్పుడు నాదే తప్పు" అని కసింద కుప్పని బర్రె ముందు పడేసింది. బర్రె కూడా ముట్టలేదు.