స్కామెల్ పయనీర్ వెనక చక్రాలు

వెనక ఒక చక్రం బండ మీదికెక్కింది, దాని పక్కది గుంటలో దిగింది. లారీ మాత్రం ఒరగలేదు! ఇవాళ స్కామెల్ పయనీర్ అనే పాత బ్రిటిష్ లారీ వీడియో ఎంత చూసినా తనివి తీరలేదు.

వెనక నాలుగు చక్రాలకీ ఇరుసు ఒక్కటే. దాని రెండు కొసలకీ తూగుడుబల్లలా ఊగే గేరుపెట్టెలు. వాటిలోని పళ్లచక్రాల మీదుగానే ఆ వైపునున్న రెండు వెనక చక్రాలకీ శక్తి అందుతుంది. ఒకటి లేస్తే రెండోది దిగుతుంది, రెండూ నేలని వదలవు.

ఇంజన్ గార్డ్‌నర్ 6ఎల్‌డబ్ల్యూ, 102 హార్స్‌పవర్. అంతే! దాంతోనే రెండో ప్రపంచయుద్ధంలో పాడైన ట్యాంకుల్ని లాక్కొచ్చింది.

స్కామెల్ అంటే ఇంగ్లండ్‌లోని వాట్‌ఫర్డ్‌లో 1922లో మొదలైన కంపెనీ. 1955లో లేలాండ్ అనే మరో లారీల కంపెనీ చేతికి, 1987లో డచ్ కంపెనీ డాఫ్ చేతికి వెళ్లింది. మరుసటేడే ఫ్యాక్టరీకి తాళం. నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు.

అన్నట్టు, ముందు చక్రాలకి ఇంజన్ శక్తి వెళ్లదు. మరీ బురదైతే వెనక చక్రాల జత చుట్టూ ట్యాంకుకున్నట్టు ఇనుప పట్టాలు తొడిగేవాళ్లు.