లోయలోకి దిగే తోట: కూనూరు సిమ్స్ పార్క్

నీలగిరి రైలెక్కిన మనవాళ్లు చాలామంది కూనూరు స్టేషన్లో టీ తాగి ఊటీ వెళ్లిపోతారు. మేం సిమ్స్ పార్క్ కోసమని అక్కడే దిగాం.

మెట్టుపాళయంలో పొద్దున్నే బండి. కల్లారు స్టేషన్ దాటితే, బాగా ఏటవాలుగా ఉన్నచోట ప్రతి 12 అడుగులకూ ఒక అడుగు ఎత్తు. పట్టాల నడుమ వేసిన పళ్ల కడ్డీని ఇంజిన్ కింది పళ్ల చక్రం పట్టుకుంటుంది. ఇంజిన్ వెనకుండి పెట్టెల్ని తోస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం ఈ రైలు మీదే ఆధారపడొద్దు. కూనూరు కొండల తూర్పు వాలున ఉంది కాబట్టి ఈశాన్య రుతుపవనాల వాన గట్టిగా తగులుతుంది. చరియలు విరిగి పట్టాల మీద పడితే రైలు రద్దే. సొంత కారులో వెళ్తే 2024 నుంచి ఈ-పాస్ (ఆన్‌లైన్లో తీసుకునే ప్రవేశ అనుమతి) తప్పనిసరి.

మద్రాసు ప్రభుత్వాధికారి జె.డి. సిమ్, మేజర్ మర్రే కలిసి 1874లో ఈ పార్కుకు రూపమిచ్చారు. విస్తీర్ణం 12 హెక్టార్లు, అంటే దాదాపు 30 ఎకరాలు. వాళ్లు చేసిన గొప్ప పని, నేలను చదును చేయకపోవడం. లోయ ఎలా ఉందో అలాగే ఉంచి, వాలు వెంబడే దారులు వేశారు. అందుకే ఊటీ తోటలోని పచ్చిక మైదానాల కంటే ఇక్కడ నడక నాకు ఎక్కువ నచ్చింది. ప్రతి మలుపులోనూ తోట కొత్తగా కనిపిస్తుంది.

అయితే దిగినంతా మళ్లీ ఎక్కాలి. పై అంచు సముద్ర మట్టానికి 1798 మీటర్ల ఎత్తున ఉంటే, కింది అంచు 1768 మీటర్ల ఎత్తున ఉంది. ఆ 30 మీటర్లంటే పదంతస్తుల మేడ! మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పై భాగం, గాజుగది చూసి ఆగిపోవచ్చు. పిల్లలున్నవాళ్లు పడవల చెరువు దాకా దిగాల్సిందే. వాన పడితే మెట్లు జారతాయి, పట్టున్న బూట్లు వేసుకోండి.

చెట్ల కోసమే వచ్చేవాళ్లు రుద్రాక్ష చెట్టును వదలొద్దు. క్రిస్మస్ చెట్టులా కనిపించే ఎత్తయిన అరౌకేరియాలు, మాగ్నోలియా, దాల్చినచెక్క చెట్టు, గొడుగుల్లా విచ్చుకునే చెట్టు ఫెర్న్‌లు కూడా ఉన్నాయి. మే నెలలో పళ్ల ప్రదర్శన జరుగుతుంది, పళ్లతో పెద్ద పెద్ద ఆకారాలు కడతారు. చూడముచ్చటగా ఉంటుంది కానీ, ఆ రోజుల్లో చెట్ల దగ్గర నిలబడే తీరిక దొరకదు.

తిండి సంచి చేతిలో కనబడితే కోతులు లాక్కుపోతాయి. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం, స్టీలు సీసా వెంట ఉంచుకోండి.

గేటు దాటి రోడ్డెక్కితే ఎదురుగా పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్. కుక్కకాటు టీకా కోసం దక్షిణాది వాళ్లు హిమాలయాల్లోని కసౌలీ దాకా పోవాల్సిన రోజుల్లో, 1907లో, వెలిసింది.