పీఎంపీ ప్రిపరేషన్: షెడ్యూల్‌లో ఏ ముడి విప్పొచ్చు, ఏది విప్పకూడదు?

పీఎంపీకి (ప్రాజెక్ట్ మేనేజర్ల సర్టిఫికేషన్ పరీక్షకి) చదివేవాళ్లు షెడ్యూల్ భాగానికి రాగానే ఎఫ్ఎస్ (ఫినిష్ టు స్టార్ట్), ఎస్ఎస్ (స్టార్ట్ టు స్టార్ట్), ఎఫ్ఎఫ్ (ఫినిష్ టు ఫినిష్), ఎస్ఎఫ్ (స్టార్ట్ టు ఫినిష్) అని నాలుగు రకాల డిపెండెన్సీలూ, అంటే ఒక పనిని ఇంకో పనికి కట్టే ముడులూ, బట్టీ పట్టేస్తారు. అదంతా గంట పని. ఆ తర్వాత మాక్ టెస్ట్ తెరిస్తే నాలుగు ఆప్షన్లూ సరైనవిలాగే కనిపిస్తాయి, టెన్షన్ మొదలవుతుంది. నేను ఈ టాపిక్‌కి మిగతావాటికంటే ఎక్కువ టైమ్ ఇచ్చాను. అందుకే దీని గురించే రాస్తున్నాను. ప్రశ్నలు ఎవరికీ చెప్పబోమని ఒప్పుకున్నాకే పరీక్ష రాస్తాం కాబట్టి ఇక్కడి ఉదాహరణలన్నీ నేను అల్లినవే.

నెట్‌వర్క్ డయాగ్రామ్‌లో (పనుల వరసను చూపే బొమ్మలో) రెండు పనుల మధ్య బాణం గుర్తు కనిపించగానే రెండు వేర్వేరు సంగతులు చూడాలి. ఆ పనులు ఎలా ముడిపడ్డాయన్నది ఒకటి: ఇది పూర్తయితేనే అది మొదలవ్వాలా, ఇది మొదలైతే చాలా? ఆ ముడి ఎవరు వేశారన్నది రెండోది. పని స్వభావమో, చట్టమో, కాంట్రాక్టో వేస్తే అది మాండేటరీ. ఇలా అయితే మేలని టీమ్ తన అనుభవంతో వేసుకుంటే డిస్క్రిషనరీ. ఫినిష్ టు స్టార్ట్ అంటే గట్టి ముడి, స్టార్ట్ టు స్టార్ట్ అంటే వదులు ముడి అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కాంక్రీట్ పోయడం మొదలైతే తప్ప దాన్ని చదును చేయడం మొదలుకాదు. ఇది స్టార్ట్ టు స్టార్టే, కానీ ఎవరూ మార్చలేరు. గోడలకు రంగు వేశాకే ఫ్లోరింగ్ చేద్దామనుకోవడం ఫినిష్ టు స్టార్ట్, కానీ అవసరమైతే తిరగేయొచ్చు. ఇంటర్నల్ (ముడి టీమ్ చేతిలోనే ఉన్నది), ఎక్స్‌టర్నల్ (బయటివాళ్ల మీద ఆధారపడ్డది) అన్నవి ఇంకో కోణం. ప్రభుత్వ అనుమతి కోసం ఆగాల్సి వస్తే అది మాండేటరీ కూడా, ఎక్స్‌టర్నల్ కూడా.

ఈ తేడా అసలు పనికొచ్చేది ఫాస్ట్ ట్రాకింగ్ (ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సిన పనుల్ని పక్కపక్కన నడిపించడం) ప్రశ్నల్లో. ప్రాజెక్ట్ వెనకబడింది, అదనపు బడ్జెట్ లేదు, స్కోప్ (చేయాల్సిన పనుల పరిధి) తగ్గించడానికి స్పాన్సర్ ఒప్పుకోడు. మనుషుల్ని పెంచి క్రాషింగ్ చేస్తే ఖర్చు పెరుగుతుంది కాబట్టి ఆ ఆప్షన్ పోయింది. మిగిలింది క్రిటికల్ పాత్ (ముగింపు తేదీని నిర్ణయించే అతి పొడవైన పనుల వరస) మీద ఉన్న డిస్క్రిషనరీ డిపెండెన్సీలను వెతికి, ఆ పనుల్ని కొంతమేర పక్కపక్కన నడిపించడం. ‘క్రిటికల్ పాత్ మీద’ అన్న మాట ముఖ్యం. ఫ్లోట్ (ప్రాజెక్ట్ ఆలస్యం కాకుండా పనిని జరపగలిగే రోజులు) ఉన్న దారిలో ఎన్ని ముడులు విప్పినా ముగింపు తేదీ కదలదు. ఫాస్ట్ ట్రాకింగ్‌తో రిస్క్, చేసిన పనే మళ్లీ చేయాల్సిన అవకాశం పెరుగుతాయని కూడా గుర్తుంచుకోండి. తర్వాతి ప్రశ్న అక్కడినుంచే రావచ్చు.

ఇక లెక్కలు. చదివితే రావు, కాగితం మీద వేస్తేనే వస్తాయి. యూజర్ మాన్యువల్ రాయడానికి 10 రోజులు, ఎడిట్ చేయడానికి 6 రోజులు అనుకుందాం. మామూలు ఫినిష్ టు స్టార్ట్‌లో మొత్తం 16. రెండు రోజుల లీడ్ ఇస్తే, అంటే రెండో పనిని రెండు రోజులు ముందే మొదలుపెడితే, 14. స్టార్ట్ టు స్టార్ట్ పెట్టి 3 రోజుల లాగ్ (తప్పనిసరిగా ఆగే వ్యవధి) ఇస్తే ఎడిటింగ్ మూడో రోజు చివర మొదలై తొమ్మిదో రోజుకి అయిపోతుంది. రాయడం మాత్రం పదో రోజుకి గానీ అవ్వదు. రాయని పేజీల్ని ఎలా ఎడిట్ చేశారు?

స్టార్ట్ టు స్టార్ట్ మొదళ్లను మాత్రమే కట్టేస్తుంది, చివర్లను గాలికొదిలేస్తుంది. కాబట్టి దానికి తోడు ఫినిష్ టు ఫినిష్, 1 రోజు లాగ్ కూడా ఇవ్వాలి. అప్పుడు ఎడిటింగ్ 11వ రోజుకంటే ముందు ముగియదు, మధ్యలో ఆపకుండా చేస్తే ఐదో రోజు చివర మొదలవుతుంది. రెండు ముడులున్నప్పుడు ఏది ఆలస్యంగా మొదలుపెట్టిస్తే దాని మాటే చెల్లుతుంది.

ఇదే లెక్కలో ఎడిటింగ్‌ని 12 రోజులు చేసి చూడండి, ఇంకో విషయం బయటపడుతుంది. స్టార్ట్ టు స్టార్ట్ వల్ల ఎడిటింగ్ 15వ రోజుకి అవుతుంది. రాయడం మొదలుపెట్టడం ఒక్కరోజు ఆలస్యమైతే మొత్తం ఆలస్యం. కానీ అనుకున్న రోజే మొదలుపెట్టి, ముగించడం 4 రోజులు ఆలస్యమైనా ఏమీ కాదు (14వ రోజుకి ముగిసినా 1 రోజు లాగ్‌తో కలిపి 15). అంటే ఒకే పనికి మొదట్లో ఫ్లోట్ సున్నా, చివర్లో 4. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో స్టార్ట్ స్లాక్, ఫినిష్ స్లాక్ (ఫ్లోట్‌కే ఇంకో పేరు స్లాక్) అని రెండు కాలమ్‌లు ఎందుకున్నాయో నాకు ఈ లెక్క వేశాకే అర్థమైంది.

స్టార్ట్ టు ఫినిష్ అరుదు, ఎక్కువ టైమ్ పెట్టకండి. కొత్త జీతాల సాఫ్ట్‌వేర్ నడవడం మొదలైతేనే పాతది ఆపగలం. ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఇక్కడ ప్రెడిసెసర్ (ముడి మొదలయ్యే పని) కొత్తది, సక్సెసర్ (దాని మీద ఆధారపడే పని) పాతది. పేర్లు చూసి తిరగేయకండి.

లాగ్ గురించి ఒక మాట. లాగ్ అంటే జాగ్రత్త కోసం దాచుకున్న రోజులు కాదు, అలా దాచుకున్నవాటిని రిజర్వ్ అంటారు. కాంక్రీట్ గట్టిపడేదాకా ఆగే రోజుల్లాంటిది లాగ్. ఆ రోజుల్లో ఎవరూ పని చేయరు, అయినా ఆ రోజుల్ని కొట్టేయలేం.

నేను రాసినప్పుడు 180 ప్రశ్నలు, 230 నిమిషాలు. అంటే ప్రశ్నకి నిమిషంన్నర కూడా పూర్తిగా లేదు. ఫార్వర్డ్, బ్యాక్‌వర్డ్ పాస్ (షెడ్యూల్‌ని ముందునుంచి చివరికి, చివరినుంచి ముందుకి లెక్కేయడం) చేయాల్సిన ప్రశ్న వస్తే మార్క్ చేసి ముందుకెళ్లండి, అదే సెక్షన్‌లో చివర్లో చూసుకోవచ్చు. బ్రేక్ తీసుకున్నాక మాత్రం వెనకటి సెక్షన్‌కి వెళ్లనివ్వరు.

నేను రాసినప్పుడు పరీక్షలో దాదాపు సగం ఎజైల్ (పనిని చిన్న విడతలుగా చేస్తూ వెళ్లే పద్ధతి), హైబ్రిడ్ (దాన్ని మామూలు పద్ధతితో కలిపినది). అక్కడ నెట్‌వర్క్ డయాగ్రామ్ కనిపించకపోయినా డిపెండెన్సీలు ఉంటాయి. బ్యాక్‌లాగ్‌లో (చేయాల్సిన పనుల జాబితాలో) ఏది ముందన్నది ప్రొడక్ట్ ఓనర్ (ప్రొడక్ట్‌కి ఏం కావాలో తేల్చే వ్యక్తి) విలువను బట్టి నిర్ణయిస్తాడు, కాబట్టి ఆ వరస చాలావరకు డిస్క్రిషనరీయే. లాగిన్ లేకుండా ఆర్డర్ హిస్టరీ చూపించలేమని డెవలపర్లు చెబితే మాత్రం అది టెక్నికల్ ముడి. ఇలాంటి ప్రశ్నలో ప్రాజెక్ట్ మేనేజర్ తనే వరస మార్చేసే ఆప్షన్ ఉంటే ముందు దాన్ని కొట్టేయండి. టీమ్‌నీ, ప్రొడక్ట్ ఓనర్‌నీ కూర్చోబెట్టి మాట్లాడే ఆప్షన్ పక్కనే ఉంటుంది.