కూర్చం ముడి

మహాలయ అమావాస్యనాడు తెల్లవారుజామున చెన్నై బెసంట్ నగర్ సముద్రతీరానికి వెళ్ళినవారికి అక్కడి సందడి తెలుసు. ఇసుకమీద వరుసలు వరుసలుగా కూర్చున్న కర్తలు, నువ్వుల పొట్లాలు, దర్భ కట్టలు అమ్మేవారు, తమిళ వాధ్యార్ల గొంతుల మధ్య ఎక్కడో ఒకచోట మన తెలుగు పురోహితుడి సంకల్పం. మా నాన్నగారు పోయినప్పటి నుంచి నేను ఏటా అక్కడికే వెళుతున్నాను. పక్కన మా పెదనాన్నగారు కూర్చునేవారు. ఆయన సంవత్సరీకాలు పూర్తయ్యాక వచ్చిన మొదటి మహాలయం ఇది. ఇన్నాళ్ళూ నాకు దర్భలు అందించిన మనిషి పేరును, తల్లిదండ్రులు, తాతముత్తాతలు కాక మిగిలిన ఆప్తులను తలచుకునే కారుణ్య పితృదేవతల వరుసలో, గోత్రంతో సహా, నా నోటితో చెప్పవలసి వచ్చినప్పుడు గొంతు కొంచెం ఆగింది. పురోహితుడు అర్థం చేసుకుని, ఆ మంత్రాన్ని మరోసారి నెమ్మదిగా అందించారు.

పెదనాన్నగారు భీమునిపట్నం దగ్గరి పల్లెలో పుట్టి, 1965లో, పదహారో ఏట, విశాఖపట్నంలో నౌకాదళ బాలుర శిక్షణలో చేరారు. ఇరవై నాలుగేళ్ళు పనిచేసి చీఫ్ పెట్టీ ఆఫీసరుగా పదవీ విరమణ పొంది, పిల్లల చదువులకోసం చెన్నై వచ్చి స్థిరపడ్డారు. ఆయనది సీమన్ శాఖ. తాళ్ళు, లంగర్లు, పడవలు దించడం, ఎత్తడం ఆయన పని. పెరంబూరులోని ఇంట్లో తలుపు వెనక మేకుకు రెండు మూరల తాడు ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని చేతిలోకి తీసుకుని ముడి వేసేవారు, విప్పేవారు. జపమాల తిప్పే చేతికి ఉండే పరధ్యానమే ఆ చేతిలోనూ కనిపించేది.

ఋగ్వేదం మొదటి మండలం ఇరవై ఐదో సూక్తంలో ఒక చిన్న మంత్రం ఉంది. ఆయనకు వేదాధ్యయనం లేదు గాని ఈ ఒక్క మంత్రం మాత్రం ప్రాణం.

వేదా యో వీనాం పదమంతరిక్షేణ పతతామ్ ।
వేద నావః సముద్రియః ॥

ఆకాశంలో ఎగిరే పక్షుల దారి ఎవరికి తెలుసో, సముద్రంలో ఉంటూ ఓడల దారి ఎవరికి తెలుసో, ఆయన వరుణుడు. పక్షి వెళ్ళాక ఆకాశంలో అడుగుజాడ మిగలదు. ఓడ వెనక తెల్లటి నురుగు గీత కాసేపు కనిపించి చెరిగిపోతుంది. జాడ మిగలని రెండు దారులను ఎంచుకుని, ఆ రెండూ ఆయనకు తెలుసునన్నాడు ఋషి. తరువాతి మంత్రాలలో పన్నెండు నెలలూ, వాటి పక్కన పుట్టే అధికమాసమూ, గాలి నడిచే తోవా ఆయనకు తెలుసునంటాడు. ఓడ నడిపేవాడికి ఇంతకన్నా కావలసినదేమిటి?

మన నౌకాదళ చిహ్నం మీద ఉండే "శం నో వరుణః" అన్న మాట తైత్తిరీయోపనిషత్తు శాంతిమంత్రాన్ని తలపిస్తుంది. గవర్నర్ జనరల్‌గా ఉన్న రాజాజీ దాన్ని సూచించారు. "వరుణుడు మాకు శుభం కలిగించుగాక" అని దాని అర్థం. ప్రయాణం క్షేమంగా సాగాలని చెప్పుకొనే శుభాకాంక్షగానే చాలామంది దీన్ని తీసుకుంటారు. నాకు అది చాలదనిపిస్తుంది. వేదంలో వరుణుడు వాన దేవుడు, నీటి దేవుడు మాత్రమే కాడు. ఋతాన్ని, అంటే లోకం నడిచే నియమాన్ని, కాపాడే రాజు, తప్పు చేసినవాడిని పాశంతో కట్టేవాడు, ఆ పాశాన్ని విప్పగలిగేవాడు కూడా. అటువంటివాడిని శుభం అడగడమంటే, నియమానికి నేను కట్టుబడి ఉంటానని ముందు ఒప్పుకోవడమే.

ఓడమీద రోజును వాచ్‌లుగా విభజిస్తారని పెదనాన్నగారు చెప్పేవారు. ఒక్కొక్కటి నాలుగు గంటలు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు ఉన్న సమయాన్ని మాత్రం రెండుగా విరిచి డాగ్ వాచ్‌లు అంటారు. అలా విరవడంవల్ల రోజుకు ఏడు వాచ్‌లు వస్తాయి, ఒకే మనిషికి ప్రతిరోజూ అర్ధరాత్రి కాపలా పడదు. సాయంసంధ్య ఆ రెండు డాగ్ వాచ్‌ల మధ్యనే వస్తుంది. ఓడమీద పూర్తి సంధ్యావందనం తనకు కుదరలేదని ఆయన దాచకుండా చెప్పేవారు. సంధ్యలో నిలబడి చేసే స్తుతి అయిన ఉపస్థానంలోని "ఇమం మే వరుణ శ్రుధీ హవమ్" అన్న మంత్రాన్ని మాత్రం, పడమటివైపు తిరిగి, పెదవి కదలకుండా అనుకునేవారట. ఉదయం మిత్రుడికి, సాయంత్రం వరుణుడికి ఉపస్థానం చేయడం కృష్ణయజుర్వేదుల సంప్రదాయం. ఆ సాయంకాలపు మంత్రాలలో కొన్ని ఈ ఇరవై ఐదో సూక్తంలోవే. "యచ్చిద్ధి తే విశో యథా" అని మొదలయ్యే మంత్రమూ అందులోదే. "ప్రజలు రాజు ఆజ్ఞను మీరినట్లు మేమూ దినదినమూ నీ వ్రతాన్ని మీరుతూనే ఉన్నాము" అని దాని భావం. తప్పు చేయలేదని కాదు, రోజూ చేస్తున్నానని చెప్పుకొనే ప్రార్థన అది. సంధ్యను సగం చేసిన ఒక నావికుడికి ఆ మంత్రమే దక్కడం నాకు ఎందుకో సబబుగా తోస్తుంది.

ఇంటి సంగతి వేరు. అక్కడ వాచ్ అంతా పెదనాన్నగారి భార్య, మా దొడ్డమ్మదే. మా అన్నయ్య పుట్టినప్పుడు పెదనాన్నగారు సముద్రంమీద ఉన్నారు, కొడుకు ముఖం చూసేసరికి వాడికి నాలుగో నెల. ఓడ ఎక్కడ ఉందో ఇంటికి తెలియనివ్వరు గనుక దొడ్డమ్మ రాసే ఉత్తరాలు ఓడ పేరుతో, ఫ్లీట్ మెయిల్ ఆఫీసు చిరునామాకు వెళ్ళేవి. ఏ రేవులో, ఎన్నో రోజున అందుతాయో ఎవరూ చెప్పలేరు. అందుచేత ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. ప్రతి ఉత్తరానికీ కుడివైపు పైన అంకె వేసేది. ఆయనకు పదకొండోది ముందు, తొమ్మిదోది తరువాత అందినా, అంకె చూసి వరుస కూర్చుకుని చదువుకునేవారు. "వేద నావః సముద్రియః" అన్న పాదానికి ఎన్ని వ్యాఖ్యానాలు విన్నా, ఓడ ఎక్కడుందో తెలియకపోయినా అంకె తప్పకుండా ఉత్తరం రాసిన ఆవిడ చేతిరాతే నాకు ముందు గుర్తుకొస్తుంది. ఆ సూక్తమే వరుణుణ్ణి "ధృతవ్రతుడు" అంటుంది. పట్టిన వ్రతాన్ని విడవనివాడని అర్థం. ఆ మాటను మేము ఇంట్లో పెదనాన్నగారికే వాడేవాళ్ళం గాని, సగం దొడ్డమ్మకు చెందవలసింది.

ఈ సూక్తం చెప్పిన ఋషి శునఃశేపుడు. ఐతరేయ బ్రాహ్మణంలో అతని కథ ఉంది. హరిశ్చంద్రుడు తన కొడుకు రోహితుణ్ణి వరుణుడికి బలి ఇస్తానని మొక్కుకుని ఇవ్వలేకపోయాడు. రోహితుడికి బదులుగా, నూరు ఆవులు తీసుకుని అజీగర్తుడు తన కొడుకు శునఃశేపుణ్ణి అమ్మాడు. బలిపశువును కట్టే యజ్ఞస్తంభం, యూపానికి కట్టడానికి ఎవరూ ముందుకు రాకపోతే మరో నూరు ఆవులకు ఆ తండ్రే కట్టాడు, ఇంకో నూటికి చంపడానికీ సిద్ధపడ్డాడు. కట్టుబడి ఉన్న ఆ పిల్లవాడు ఒక్కొక్క దేవతనే స్తుతిస్తూ పోగా, "నిన్ను కట్టింది వరుణరాజు కోసం, ఆయననే ఆశ్రయించు" అని సవితృదేవుడు చెప్పాడు. అప్పుడు పుట్టిన స్తుతి ఇది. దీని చివరి మంత్రం "ఉదుత్తమం ముముగ్ధి నో వి పాశం మధ్యమం చృత" అని వేడుకుంటుంది. పై పాశాన్ని సడలించు, నడిమిదాన్ని విప్పు, కిందివాటినీ తొలగించు, మేము బ్రతకాలి అని.

ఈ కథ విన్న ప్రతిసారీ పెదనాన్నగారి దృష్టి ఆ కట్లమీదకే పోయేది. ఒకసారి మేకుకున్న తాడు తీసి నాకు బౌలైన్ ముడి నేర్పారు. ఎంత బరువు లాగినా ఆ ఉచ్చు జారదు, బిగుసుకుపోదు. బరువు తీశాక ముడి వీపున ఉన్న వంపును వేలితో వెనక్కి తోస్తే సులువుగా వీడిపోతుంది. "కట్టడం ఎవడైనా కడతాడురా. విప్పడానికి కత్తి కావలసివచ్చిందంటే వాడికి ముడి రానట్టే" అన్నారు. నేను ఆ మాటను అప్పట్లో తాడు గురించే అనుకున్నాను.

పదవీ విరమణ తరువాత ఆయన చేసిన సేవ చూశాక ఆ మాట వేరుగా వినిపించసాగింది. చెన్నైలో ఉన్న మాజీ సైనికుల భార్యలకు, ముఖ్యంగా భర్త పోయాక పింఛను కాగితాల మధ్య చిక్కుకుపోయిన ముసలివాళ్ళకు, ఆయన పాతికేళ్ళకు పైగా దరఖాస్తులు నింపిపెట్టారు. పింఛనుదారులు బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వవలసిన నవంబరు నెల, ఎక్కువగా మన కార్తీకంతో కలిసి వస్తుంది. ఉదయం దీపం పెట్టుకుని, సంచి భుజాన వేసుకుని బయలుదేరేవారు. వేలిముద్ర యంత్రాలు వచ్చాక కొత్త ఇబ్బంది మొదలైంది. జీవితమంతా గిన్నెలు తోమిన చేతులకు వేలిగీతలు అరిగిపోయి ఉంటాయి, యంత్రం పట్టుకోదు. ఒక కార్యాలయంలో ఒకావిడను అలా మూడుసార్లు వెనక్కి పంపారు. నాలుగోసారి పెదనాన్నగారు వెంట వెళ్ళి, గోరువెచ్చని నీటిలో ముంచిన గుడ్డతో ఆవిడ బొటనవేలు చాలాసేపు తుడిచి, ఆరనిచ్చి, మళ్ళీ పెట్టించారు. యంత్రం ఒప్పుకుంది. ఆవిడ దండం పెట్టబోతే ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. ఎవరినీ తనకు కట్టుబడేలా ఉంచుకోవడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. పని పూర్తికాగానే వాళ్ళ కాగితాలన్నీ వాళ్ళ చేతికే ఇచ్చేసేవారు, ఒక్క నకలు కూడా తన దగ్గర ఉంచుకునేవారు కాదు.

1971 యుద్ధం గురించి ఆయన తక్కువ మాట్లాడేవారు. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం. ఆనాటి రాత్రి కరాచీ రేవుమీద జరిగిన దాడికి గుర్తు. ఆ రోజు అందరితోపాటు సంతోషంగానే ఉండేవారు. డిసెంబరు 9న మాత్రం రాత్రి భోజనం చేసేవారు కాదు. ఆ రాత్రి దీవ్ తీరానికి ఆవల ఖుక్రీ నౌక మునిగి, కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో సహా 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఆయనతో శిక్షణ పొందిన ఒక కుర్రవాడు అందులో ఉన్నాడు. మహాలయ పక్షంలో అమావాస్యకు ముందురోజు చతుర్దశి, శస్త్రంవల్ల పోయినవారికి చెప్పిన తిథి. ఆయన ఆ రోజు కూడా ఒంటరిగా బెసంట్ నగర్ వెళ్ళి వచ్చేవారు. అక్కడే కార్ల్ ష్మిట్ స్మారకం ఉంది. 1930లో మునిగిపోతున్నవారిని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న విదేశీయుడు. ఆ తెల్లటి కట్టడం ముందు ఆయన ఒక నిమిషం నిలబడడం నేను చూశాను. ఎవరి గోత్రమూ తెలియనివాళ్ళకు ఏ మంత్రంతో నీళ్ళు వదులుతారని అడిగితే, "తర్పణం చివర ఉందిగా" అన్నారు.

నిజమే, ఉంది. తర్పణమంతా అయ్యాక, అంతవరకు పితృదేవతలను ఆవాహన చేసిన, దర్భలతో కట్టిన కూర్చాన్ని ముడి విప్పి, ఆ దర్భలమీదుగా మిగిలిన తిలోదకం వదులుతూ చెబుతాము.

యేషాం న మాతా న పితా న బంధుర్నాన్యగోత్రిణః ।
తే సర్వే తృప్తిమాయాంతు మయోత్సృష్టైః కుశోదకైః ॥

తల్లి గాని, తండ్రి గాని, బంధువు గాని, మరే గోత్రమువారు గాని లేనివారందరూ నేను వదిలే ఈ నీటితో తృప్తి పొందుదురు గాక అని. పాఠభేదాలు ఉన్నాయి, భావం ఒక్కటే.

ఈ సంవత్సరం కూర్చం నేనే కట్టాను. ఎప్పుడూ ఆయనే కట్టి ఇచ్చేవారు గనుక నా చేతికి కొలత తెలియలేదు. తడిసిన దర్భ బిగుసుకుపోయి, ఆ మంత్రం దగ్గరికి వచ్చేసరికి ముడి ఊడలేదు. పక్కనున్న అన్నయ్య కొస పట్టుకుని లాగబోయాడు. పురోహితుడు ఆగారు. అల వచ్చి మా మోకాళ్ళ దాకా తడిపి వెళ్ళింది. లాగవద్దని అన్నయ్య చెయ్యి పక్కకు జరిపి, ముడి వీపున ఉన్న వంపును బొటనవేలితో వెనక్కి తోశాను. వీడింది. "తే సర్వే" అని పురోహితుడు అందించారు. నేను నీళ్ళు వదిలాను.